థర్మల్ విద్యుత్ కేంద్రాలపై ప్రజాభిప్రాయ సేకరణ (ఉద్దానం – టెక్కలి తీరం)

కొత్త విద్యుత్ కేంద్రానికి పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు స్థానికుల అభ్యంతరాలు వినే చట్టబద్ధ ప్రక్రియ ప్రజాభిప్రాయ సేకరణ. శ్రీకాకుళం జిల్లాలో సోంపేట, కాకరాపల్లి థర్మల్ ప్రాజెక్టుల వివాదాలు ఈ ప్రక్రియ బలాన్నీ, పరిమితినీ దేశం దృష్టికి తెచ్చాయి.

చట్ట నేపథ్యం

పర్యావరణ పరిరక్షణ చట్టం (1986) కింద 1994లో వెలువడిన నోటిఫికేషన్ పెద్ద ప్రాజెక్టులకు ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసింది. 1997 సవరణతో బహిరంగ విచారణ, అంటే ప్రజాభిప్రాయ సేకరణ, చేరింది. 2003 విద్యుత్ చట్టం ఉత్పత్తి కేంద్రాలకు లైసెన్సు అవసరాన్ని తీసేయడంతో, ప్రజలు నేరుగా మాట్లాడే ప్రధాన వేదికగా ఈ విచారణే మిగిలింది.

2006 సెప్టెంబరు 14 నోటిఫికేషన్ ఇప్పటి పద్ధతికి మూలం. సభకు కనీసం 30 రోజుల ముందు పత్రికా ప్రకటన ఇవ్వాలి. ముసాయిదా పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. కలెక్టరు గాని, అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని ప్రతినిధి గాని అధ్యక్షత వహిస్తారు. కాలుష్య నియంత్రణ మండలి సభను వీడియో తీయించి నివేదికను ఢిల్లీకి పంపుతుంది. సభికులకు కోరం లేదు, ఓటింగూ లేదు. అభ్యంతరాలను నిపుణుల కమిటీ పరిశీలిస్తుంది గాని, ప్రజల వ్యతిరేకత ఒక్కటే ప్రాజెక్టును ఆపదు.

సోంపేట

2008 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం జీవో 1107 ద్వారా బీల ప్రాంతంలో దాదాపు 970 ఎకరాలను నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి కేటాయించింది. బీల అంటే వాన నీరు నిలిచే తడినేల. చుట్టుపక్కల రైతులు, మత్స్యకారులు దానిమీదే ఆధారపడతారు. 2009లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. వ్యతిరేకత ఉన్నా ఆ ఏడాది చివర్లో కేంద్ర అనుమతి వచ్చింది. 2010 జూలై 14న పనుల ప్రారంభాన్ని అడ్డుకున్న గ్రామస్థులపై పోలీసులు కాల్పులు జరపగా ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ అనుమతిని రద్దు చేసింది. ఆ స్థలం తడినేల కావడం అప్పీలులో కీలకాంశమైంది. కంపెనీ తలపెట్టిన 1320 మెగావాట్ల కేంద్రం తర్వాత నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దగ్గర వచ్చింది.

కాకరాపల్లి

సంతబొమ్మాళి మండలం తంపర (చిత్తడి) నేలల్లో ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ సంస్థ 2640 మెగావాట్ల కేంద్రాన్ని ప్రతిపాదించింది. 2009 ఏప్రిల్‌లో అనుమతి లభించింది. వలస పక్షులకు పేరొందిన తేలినీలాపురం, నౌపడ ఉప్పు మడులు దగ్గర్లోనే ఉన్నాయి. 2011 ఫిబ్రవరి 28న ఇక్కడా పోలీసు కాల్పులు ప్రాణాలు తీశాయి. వెంటనే కేంద్ర పర్యావరణ శాఖ అనుమతిని నిలిపివేసింది. ఆ నిలుపుదల తర్వాత తొలగినా, ప్రాజెక్టు పూర్తికాకుండానే సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

తరువాతి పరిణామాలు

అప్పీళ్ల బాధ్యత 2010 అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు మారింది. 2013 భూసేకరణ చట్టం ప్రైవేటు కంపెనీల కోసం చేసే సేకరణకు బాధిత కుటుంబాల్లో 80 శాతం సమ్మతిని తప్పనిసరి చేసింది. అయితే సోంపేటలో లాగా ప్రభుత్వ భూమినే కేటాయించినప్పుడు ఈ నిబంధన వర్తించదు. అలాంటి చోట బాధితులకు మిగిలేవి ప్రజాభిప్రాయ సేకరణ సభ, అనుమతి వచ్చాక సాధారణంగా 30 రోజుల్లో దాఖలు చేయాల్సిన అప్పీలు.