గోదాములో కాపురం

1960లలో న్యూయార్క్‌లోని సోహో పేటలో ఎవరింటికైనా వెళ్తే కాలింగ్ బెల్ కోసం వెతకడం దండగ. వీధిలో నిలబడి, తలెత్తి, గట్టిగా పేరు పెట్టి పిలవాలి. పై అంతస్తు కిటికీలోంచి ఒక పాత మేజోడు వచ్చి కాళ్ల దగ్గర పడుతుంది. అందులో తాళంచెవి ఉంటుంది. చట్టం లెక్క ప్రకారం ఆ భవనంలో ఎవరూ కాపురం ఉండరాదు. ఉన్నట్టు గుమ్మం దగ్గర ఆనవాలు పెట్టడం ఎందుకని బెల్ జోలికి పోయేవారు కాదు.

ఆ భవనాలు 19వ శతాబ్దపు ద్వితీయార్ధంలో లేచినవి. ముఖభాగమంతా పోత ఇనుము. లోపల బట్టల గోదాములు, కుట్టు కార్ఖానాలు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత వ్యాపారాలు ఒక్కొక్కటే తరలిపోయాయి. అగ్నిప్రమాదాలు ఎక్కువని అగ్నిమాపక శాఖ వారు ఈ ప్రాంతానికి ‘నరకపు వంద ఎకరాలు’ అని పేరు పెట్టారు. దానికి తోడు, నగర నిర్మాణాల్లో చక్రం తిప్పిన అధికారి రాబర్ట్ మోజెస్ ఇక్కడినుంచి ఎక్స్‌ప్రెస్ రహదారి వేయిస్తానని పట్టుబట్టాడు. రేపోమాపో కూల్చేసే భవనానికి మరమ్మతు చేయించే యజమాని ఎవరుంటారు? 1969లో ఆ రహదారి ప్రతిపాదన అటకెక్కేదాకా అద్దెలు అడుగునే ఉన్నాయి. పెద్ద బొమ్మలు గీసేవాళ్లకు, శిల్పాలు చేసేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి?

పని చేసుకోవడానికి అభ్యంతరం లేదు, పడుకుంటేనే నేరం. కళాకారులు పోరాడగా 1961లో నగరం కొంత మెత్తబడింది. ‘ఏ.ఐ.ఆర్.’ (ఆర్టిస్ట్ ఇన్ రెసిడెన్స్) అనే అక్షరాలతో, అంతస్తు నంబరుతో గుమ్మం దగ్గర చిన్న పలక పెట్టుకోమంది. మంటలు లేస్తే లోపల మనిషి ఉన్నాడని అగ్నిమాపక సిబ్బందికి తెలియాలి కదా! ఆ పలక కూడా లేనివాళ్లు ఇంటి చెత్తను సంచిలో వేసుకుని నాలుగు వీధులవతల పారేసి వచ్చేవారు.

ఇక గోదామును ఇల్లుగా మార్చడం. అంతస్తు దాదాపు 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు. కిటికీలు ముందూ వెనకా మాత్రమే. వెలుతురున్న చోటు బొమ్మలకు పోతే, మంచం నడుమ చీకట్లోకి చేరేది. అసలు చిక్కు నీళ్లదగ్గర. కార్మికుల కోసం ఎప్పుడో పెట్టిన ఒక మరుగుదొడ్డి, ఒక సింకు తప్ప లోపల మరేమీ ఉండదు. స్నానపు తొట్టి పెట్టాలంటే వాడిన నీళ్లు పోయే గొట్టానికి వాలు కావాలి. నేల పగలగొడదామంటే అది కింది అద్దెదారుడి కప్పు. అందుకని చెక్కలతో అరుగులాంటి వేదిక కట్టి, గొట్టాన్ని దాని కిందినుంచి పోనిచ్చి, తొట్టిని పైకెక్కించారు. మెట్లెక్కి స్నానం చేసే ఇళ్లు సోహోలో అలా పుట్టినవే. సాయంత్రం కార్ఖానా వేళ అయిపోగానే బాయిలర్ ఆపేస్తారు, శని ఆదివారాలు అసలే వెలిగించరు. చలికాలంలో గ్యాస్ హీటరో కట్టెల పొయ్యో సొంతంగా చూసుకోవాల్సిందే.

సామాను మాత్రం కూతవేటు దూరంలోనే దొరికేది. మోటార్లు, తీగలు, రబ్బరు, ప్లాస్టిక్ రేకులు, మిగులు సరుకు కెనాల్ స్ట్రీట్‌లో. హోటళ్లు వాడే పొయ్యిలు, పెద్ద సింకులు బావరీ వీధిలో. మిగతాది రోడ్డు పక్కనే: మూతబడ్డ కార్ఖానాలు పారేసిన తలుపులు, దూలాలు, బల్లలు. కళాకారుడు గోర్డన్ మట్టా-క్లార్క్ 1972లో గ్రీన్ స్ట్రీట్‌లో ఒక చెత్త కంటైనర్ తెచ్చి పెట్టి, ఏరుకొచ్చిన తలుపులతో, చెక్కలతో దాన్ని గదులుగా విభజించి, ‘ఓపెన్ హౌస్’ అని పేరు పెట్టాడు. చుట్టుపక్కల వాళ్ల బతుకునే ఆయన వీధిలో ప్రదర్శనకు పెట్టాడనాలి.

చేతిపని తెలిసినవాడికి అక్కడ పనికి కొదవ లేదు. సంగీతకారుడు ఫిలిప్ గ్లాస్ ఆ రోజుల్లో ప్లంబర్ పని చేసేవాడు. ఒక ఇంట్లో గిన్నెలు కడిగే యంత్రం బిగిస్తుంటే ఇంటాయన గుర్తుపట్టి నిర్ఘాంతపోయాడట. ఆయన టైమ్ పత్రిక కళావిమర్శకుడు రాబర్ట్ హ్యూస్. తాను కళాకారుడే అయినా అప్పుడప్పుడూ ప్లంబర్‌ కూడానని, పని ముగించుకోనివ్వమని చెప్పానని గ్లాసే తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పుకున్నాడు.

ఎవరికి వారు తంటాలు పడుతున్న ఈ పనిని ఒక పద్ధతిలో పెట్టినవాడు జార్జ్ మచ్యూనస్. లిథువేనియాలో పుట్టి, అమెరికాలో ఆర్కిటెక్చర్ చదివిన మనిషి. కళాచరిత్రకారులకు ఫ్లక్సస్ అనే ప్రయోగాత్మక కళా ఉద్యమ సారథి. సోహోకు మాత్రం ఆయన పెద్ద మేస్త్రీ. భవనం మొత్తం కొని, అంతస్తులవారీగా కళాకారులకు పంచి, సహకార సంఘం పెట్టించడం ఆయన పద్ధతి. 1967లో 80 వూస్టర్ స్ట్రీట్ అలాగే చేతికొచ్చింది. కింది అంతస్తులో సినిమా దర్శకుడు జోనస్ మెకస్ సినిమాలు వేసేవాడు.

లెక్కల దగ్గరే మచ్యూనస్ తడబడ్డాడు. ఒక భవనానికి కట్టిన డబ్బు ఇంకో భవనానికి తిప్పేవాడు. వాటాలు అమ్మేముందు ప్రభుత్వానికి ఇవ్వాల్సిన కాగితాలు ఇవ్వలేదు. అటార్నీ జనరల్ నోటీసులు వస్తే తలుపుకు కోసే బ్లేడ్లు బిగించాడు. తాను ఊళ్లో లేనని నమ్మించడానికి స్నేహితుల చేత దేశదేశాల నుంచి పోస్టు కార్డులు వేయించాడు. ఇవన్నీ నవ్వులాట. కానీ 1975లో బాకీ తగాదాలో గూండాలు ఆయన్ని చావబాదితే ఒక కన్ను పోయింది. మూడేళ్లకే కన్నుమూశాడు. చట్టాన్ని అంత తేలిగ్గా తీసుకోకపోతే ఆయన ఇన్ని భవనాలు కొనగలిగేవాడా అంటే, అనుమానమే.

చట్టం నింపాదిగా వెనకాల వచ్చింది. 1971లో గుర్తింపు పత్రం ఉన్న కళాకారులకు సోహోలో నివాసం చట్టబద్ధమైంది. 1973లో ఆ పేట చారిత్రక ప్రాంతమైంది. కిరాయిదారు ఖాళీ చేస్తూ, తాను బిగించిన గొట్టాలకు, సింకుకు, వేదికకు కొత్తవాడి దగ్గర డబ్బు తీసుకోవడం అప్పటికే వాడుక. హైదరాబాద్ పాత దుకాణాల పగిడీ లాంటిదే. 1982 నాటి లాఫ్ట్ (గోదాము అంతస్తుల) చట్టం ఆ అమ్మకానికి కూడా చోటిచ్చింది. చేతి కష్టానికి విలువ కట్టినందుకు మెచ్చుకోవాలి. కానీ ఆ సరికే కొనే కొత్తవాళ్లలో బొమ్మలు గీసేవాళ్లకన్నా డబ్బున్నవాళ్లు ఎక్కువ. సొంతంగా కొనుక్కున్నవాళ్లు నిలబడ్డారు. అద్దెలకున్నవాళ్లలో చాలామంది నది దాటి బ్రూక్లిన్ చేరారు.

నిలబడ్డవాళ్లలో కళాకారుడు డోనాల్డ్ జడ్ ఒకడు. 1870 నాటి అయిదంతస్తుల భవనాన్ని 1968లో 68 వేల డాలర్లకు కొని, ఒక్కో అంతస్తును ఒక్కో పనికి కేటాయించి, గోడలు లేపకుండా వదిలేశాడు. 101 స్ప్రింగ్ స్ట్రీట్‌లోని ఆ ఇల్లు 2013 నుంచి జనానికి తెరిచి ఉంది. న్యూజెర్సీలో పిల్లల దగ్గరికి వెళ్లేవారు ఒక పూట కేటాయించి చూసి రావచ్చు. టికెట్ మాత్రం ముందే తీసుకోవాలి.