స్థానిక మొక్కల తోట

ఒక ప్రాంతపు నేలకు, వానకు సహజంగా అలవాటుపడిన మొక్కలను పెంచి, వాటిపై బతికే తుమ్మెదలు, తేనెటీగలు, సీతాకోకచిలుకలు, పక్షులకు ఆసరా కల్పించే తోట. తెలుగు నేలకు సంబంధించి ముందుగా చెప్పుకోవలసింది తంగేడు.

బతుకమ్మ పేర్చేటప్పుడు ముందు వెతికే ఈ పువ్వు 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పం అయింది. ఇందులో మకరందం ఉండదు, ఉన్నదల్లా పుప్పొడి. అదీ కేసరాల లోపల దాగి, కొనన ఉన్న సన్నని రంధ్రాల్లోంచే బయటికి రావాలి. నల్లటి గండుతుమ్మెద పువ్వును కాళ్లతో గట్టిగా పట్టుకుని, ఒళ్లంతా అదిరేలా ఝుమ్మనగానే పుప్పొడి రాలి దాని పొట్టకు అంటుకుంటుంది. తేనెటీగలకు ఈ నేర్పు లేదు. గండుతుమ్మెదలు ఎండుకొమ్మల్లో, వెదురు బొంగుల్లో గూడు తొలుచుకుంటాయి కనుక ఎండిన మోడును నరకకుండా ఉంచడమూ తోటపనే.

పూలొక్కటే చాలవు, గొంగళిపురుగులకు ఆకు కావాలి. కరివేపాకు, నిమ్మ ఆకులపై నిమ్మ సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. లేత పురుగు అచ్చం పిట్టరెట్టలా కనిపించి పక్షులను ఏమారుస్తుంది, ఎదిగాక పచ్చబడుతుంది. జిల్లేడు, రేల చెట్లకూ వాటి వాటి సీతాకోకచిలుకలున్నాయి. అమెరికా ఖండాల నుంచి వచ్చిన లాంటానా పూలపై సీతాకోకచిలుకలు మూగుతాయి గానీ, దాని ఆకు తిని పెరిగేవి దాదాపు లేవు. పైగా అది అడవిలో మిగతా మొక్కలను అణగదొక్కుతుంది.

ఆకులకు చిల్లులు పడ్డాయని పురుగుమందు చల్లకూడదు. నిలదొక్కుకున్న కరివేప మళ్లీ చిగురిస్తుంది.