లినక్స్ కెర్నల్‌లోకి కొత్త డ్రైవర్ ఎలా చేరుతుంది?

కంప్యూటర్‌కు కొత్త పరికరం తగిలించినప్పుడు, దానితో పని చేయించే ప్రోగ్రామ్‌ను డ్రైవర్ అంటారు. ఆండ్రాయిడ్ ఫోన్ల నుంచి సూపర్ కంప్యూటర్ల వరకు నడిపే లినక్స్ కెర్నల్‌లో అత్యధిక భాగం డ్రైవర్లదే. వాటిని ఎవరైనా రాసి పంపవచ్చు. కానీ పంపిన ప్రతిదీ కెర్నల్‌లో చేరదు.

లోపల చేరడం ఎందుకు?

ఫిన్లాండ్‌లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థిగా లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్‌ను ప్రారంభించారు. కెర్నల్ అంతర్గత నిర్మాణం తరచూ మారుతూ ఉంటుంది. అందువల్ల డ్రైవర్‌ను విడిగా ఉంచుకున్నవారు కొత్త వెర్షన్లు వచ్చినప్పుడల్లా దానిని సరిచేసుకోవలసి వస్తుంది. అదే డ్రైవర్ కెర్నల్‌లో భాగమైతే, లోపలి నిర్మాణాన్ని మార్చినవారే దానినీ సవరిస్తారు. తయారీ సంస్థ పట్టించుకోవడం మానేసిన పరికరం కూడా ఏళ్ల తరబడి పనిచేయడానికి ఇదొక కారణం.

సిద్ధం చేయడం

ముందుగా, అదే పరికరానికి లేదా అటువంటి చిప్‌కు ఇప్పటికే డ్రైవర్ ఉందేమో చూడాలి. చాలా సందర్భాల్లో పాత డ్రైవర్‌కు కొన్ని వరుసలు చేర్చితే సరిపోతుంది. కొత్తది తప్పదనుకుంటే తాజా కోడ్‌పైనే రాయాలి. కెర్నల్‌కు సొంత రచనా నియమాలు ఉన్నాయి. ఉదాహరణకు, వరుస ముందు వదిలే ఖాళీకి ట్యాబ్ వాడాలి. దాని వెడల్పు 8 అక్షరాలు. ఇలాంటి లోపాలను ‘చెక్‌ప్యాచ్’ అనే ప్రోగ్రామ్ పట్టి చూపుతుంది.

కోడ్‌లో చేసిన మార్పును తెలిపే పత్రమే ప్యాచ్. ఒక్కో ప్యాచ్‌లో ఒకే మార్పు ఉండాలి. పెద్ద పనిని వరుస ప్యాచ్‌లుగా విభజించాలి. వాటిలో ఏ ఒక్కదాని దగ్గర ఆగినా కెర్నల్ సక్రమంగా తయారు కావాలి. ఏం మార్చారన్నది కోడే చెబుతుంది కాబట్టి, ఎందుకు మార్చారన్నది వివరణలో రాయాలి.

సంతకం

ప్యాచ్ చివర ‘సైన్డ్ ఆఫ్ బై’ అనే వరుసలో రచయిత పేరు, ఈమెయిల్ చిరునామా ఉండాలి. ఈ కోడ్‌ను ఇచ్చే హక్కు తనకుందని రచయిత చేసే ధ్రువీకరణ ఇది. కోడ్ యాజమాన్యంపై 2003లో అమెరికాలో న్యాయ వివాదం తలెత్తిన తర్వాత, 2004లో ఈ పద్ధతి మొదలైంది.

పంపడం, పరిశీలన

కెర్నల్‌లోని ఒక్కో విభాగానికి నిర్వాహకులు ఉంటారు. ప్యాచ్‌ను ఎవరికి పంపాలో కెర్నల్‌తో పాటు వచ్చే ప్రోగ్రామే చెబుతుంది. ప్యాచ్‌ను జోడింపుగా కాకుండా, సాదా అక్షరాల ఈమెయిల్‌లోనే పంపాలి. సమీక్షకులు అందరికీ కనిపించేలా వరుస వరుసకూ ప్రశ్నలు వేస్తారు. వాటికి జవాబిచ్చి, సవరించిన ప్రతిని ‘వెర్షన్ 2’గా, ఏమేమి మారాయో తెలుపుతూ పంపాలి. స్పందన రాకపోతే కనీసం ఒక వారం ఆగి గుర్తుచేయాలి.

ఆమోదం పొందిన ప్యాచ్‌ను మొదట ‘లినక్స్ నెక్స్ట్’లో ఇతర మార్పులతో కలిపి పరీక్షిస్తారు. ప్రతి వెర్షన్ ఆరంభంలో 2 వారాలు మాత్రమే టోర్వాల్డ్స్ కొత్త మార్పులను స్వీకరిస్తారు. ఆ తర్వాత వారాలన్నీ లోపాల సవరణకే. ఇలా 9 నుంచి 10 వారాలకు ఒక కొత్త వెర్షన్ వస్తుంది.

నమ్మకమే పునాది

సమీక్షకుల సమయం పరిమితం. ఈ వ్యవస్థ నిలిచేది పరస్పర విశ్వాసంపైనే. సమీక్ష ఎంత గట్టిదో తెలుసుకోవడానికి అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు కావాలనే లోపాలున్న ప్యాచ్‌లు పంపారు. దీనిపై 2021 ఏప్రిల్‌లో పెద్ద వివాదం రేగింది. సీనియర్ నిర్వాహకుడు గ్రెగ్ క్రోవా హార్ట్‌మన్ ఆ విశ్వవిద్యాలయం నుంచి వచ్చే మార్పులను నిరాకరిస్తామని ప్రకటించారు. సదుద్దేశంతో పంపిన పాత ప్యాచ్‌లను కూడా మళ్లీ తనిఖీ చేయవలసి వచ్చింది.

డ్రైవర్ చేరడంతో రచయిత బాధ్యత తీరదు. నిర్వాహకుల జాబితాలో తన పేరు నమోదు చేసుకున్నవారు, ఆ పరికరంపై వచ్చే ఫిర్యాదులకు స్పందించవలసి ఉంటుంది. కోడ్ బాగుందా అన్న ప్రశ్నతో పాటు, రేపు దీనిని ఎవరు చూసుకుంటారన్న ప్రశ్నకూ సమీక్షకులు జవాబు కోరేది ఇందుకే.