మోటుపల్లి శాసనము - సుంకముల నియతి



మన వార్షిక సభలయందు విద్య, వసతిగృహములు, వివాహవ్యయములు మున్నగు విషయములు ఏటేట చర్చింపబడుచున్నవి. వర్తకమే జీవనముగా గల మనకు అత్యావశ్యకమగు సుంకముల చరిత్రము మాత్రము అంతగా విచారింపబడుట లేదు. సరిహద్దు నిబంధన మారినదన్న వార్త వచ్చినప్పుడెల్ల మనలో చిన్న వర్తకులు కలవరపడి, కొందఱు ఎగుమతి వ్యాపారమునే విడిచిపెట్టుచున్నారు. ఈ భయమునకు మందు మన పూర్వచరిత్రమునందే కలదని మా నమ్మకము.

చినగంజామునకు చేరువనున్న మోటుపల్లి నేడు చిన్న గ్రామము. కాకతీయుల కాలమున నది ప్రఖ్యాతమగు రేవుపట్టణము. వెనీసు వర్తకుడగు మార్కోపోలో పేర్కొనిన 'ముత్ఫిలి' యిదియే. గణపతిదేవ చక్రవర్తి శక సంవత్సరము 1166, అనగా క్రీ.శ. 1244-45లో వేయించిన అభయశాసనము అచ్చట కలదు. గాలివానకు దారితప్పి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సర్వస్వమును పూర్వరాజులు బలాత్కారముగా గైకొనుచుండిరని అందు చెప్పబడినది. కడలి వాత పడక బయటపడిన వర్తకుడు ఒడ్డున దోపిడికి లోనగుచుండె నన్నమాట! గణపతిదేవు డీ దురాచారమును మాన్పి, నియతమగు శుల్కము తప్ప మఱేమియు గైకొనమని అభయమొసగెను. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకవంతు సుంకమని నిర్ణయించి, చందనము, కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, రాగి, సీసము, పగడములు, మిరియములు, పోకలు మున్నగు సరకులను పేరుపేరున చెక్కించెను. శాసనమున సంస్కృతముతోపాటు తెలుగును కలదు.

ఇందు గమనింపదగిన దొకటి కలదు. చక్రవర్తి సుంకమును మాన్పలేదు. దానికొక హద్దు నేర్పఱిచి, రేవునందు బహిరంగముగా ప్రకటించెను. తెలిసిన సుంకమును వర్తకుడు ధరలో కలుపుకొనగలడు. తెలియని సుంకము మూలధనమునే మ్రింగును. ఒక శతాబ్దము గడచిన పిమ్మట, 1358లో, రెడ్డిరాజగు అనపోతారెడ్డి ఆ రేవుననే మఱియొక శాసనము వేయించి, స్థిరపడగోరు వర్తకులకు భూములిత్తుననియు, వెడలిపోగోరువారి నాటంకపఱుపననియు ప్రకటించెను. రాజ్యము మారెను, నిబంధనలును మారెను. వర్తకులు వానిని మరల తెలిసికొనవలసివచ్చెను.

సముద్రమే కాదు, నేలమీది ఎల్లయు మనకు పరిచితమే. ఒకే భాష మాటలాడు తెలుగువారి నడుమ నిజాము రాజ్యపు సరిహద్దు చిరకాలము నిలిచియుండెను. ఈస్టిండియా కంపెనీకిని నిజామునకును 1802లో కుదిరిన వాణిజ్య సంధిచే సరకు విలువపై నూటికి 5 వంతున సుంకము నిర్ణయింపబడెను. ఆ శాఖకే కరోడ్‌గిరి యని పేరు. 1948లో సంస్థానము భారతదేశమున చేరిన పిమ్మట ఆ యెల్లయు సుంకమును క్రమముగా అంతరించెను.

నేటి స్థితి యేమి? 2017 జులై 1న వస్తుసేవల పన్ను అమలునకు వచ్చెను. 2018 ఏప్రిల్ 1 నుండి రాష్ట్రముల ఎల్లలు దాటు 50,000 రూపాయలకు మించిన సరకునకు ఈ-వే బిల్లు కావలసివచ్చెను. 2011 నాటి సవరణచే దిగుమతిదారుడు తన సుంకమును తానే లెక్కకట్టి పత్రము దాఖలు చేయవలెను. ఒప్పందముచే తక్కువ సుంకము కోరువాడు, సరకు ఏ దేశమున ఎట్లు తయారైనదో తెలుపు ఆధారములను 5 సంవత్సరములు భద్రపఱుపవలెనని 2020 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. పూర్వము సుంకమింతయని అధికారి చెప్పెడివాడు; నేడు వర్తకుడే చెప్పవలెను. తప్పు చెప్పినచో నష్టము వానిదే.

కావున సోదరులారా! సరకు బయలుదేరక మున్నే దాని వర్గసంఖ్యను, సుంకమును, కావలసిన పత్రములను సరిచూచుకొనుడు. తూనికయు విలువయు చిట్టాలోను పత్రములోను ఒక్కటిగా నుండవలెను. ధనవంతుడు లెక్కల నిపుణుని పెట్టుకొనగలడు. చిన్న దుకాణదారుని గతి యేమి? వానికై మన సంఘము ప్రతి నూతన నిబంధనమును అమలు తేదికి ముందే సులభమైన తెనుగున వ్రాయించి పంచిపెట్టు ఏర్పాటు చేయవలెనని పోషకులను ప్రార్థించుచున్నాము. అన్నదానమువలెనే ఇదియు దానమే. మోటుపల్లి రేవున నాడు శిల చేసిన పనిని నేడు మన సంఘము చేయుగాక!