సరిహద్దు పల్లెల తెలుగు బడి: తరగతి లెక్క, అంగన్‌వాడీ నిధి

తెలుగు రాష్ట్రాల ఎల్లలకు ఆవల తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల పల్లెల్లో బడి సమావేశం జరిగిన ప్రతిసారీ రెండు విషయాలు చర్చకు వస్తాయి. తరగతికి ఎందరు పిల్లలుండాలి అన్నది మొదటిది. ఆరేళ్లలోపు పిల్లల చదువుకు డబ్బు ఎవరు పెట్టాలి అన్నది రెండవది. పట్టణాల్లో మొదటి ప్రశ్న గది కిక్కిరిసిపోయిందన్న ఫిర్యాదుగా వస్తుంది. హోసూరు, డెంకణికోట, వేపనపల్లి వైపు పల్లెల్లో అదే ప్రశ్న తలక్రిందులై వస్తుంది: తెలుగు విభాగంలో పిల్లలు చాలడం లేదు, ఉన్న ఉపాధ్యాయుని పోస్టు నిలుస్తుందా అని. పైకి వేర్వేరుగా కనిపించే ఈ రెండు ప్రశ్నలకు మూలం ఒక్కటే. ఒకటో తరగతి హాజరుపట్టీలో ఎన్ని పేర్లుంటాయన్నది జూన్ నెలలో తేలే విషయం కాదు. అంతకు రెండు మూడేళ్ల ముందే, బిడ్డను మొదటిసారి ఏ గుమ్మంలో దింపారన్న దానిమీద అది తేలిపోతుంది.

నలభై లేక పది

భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధన గురించి 1949 ఆగస్టులో జరిగిన విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రాన్ని ఆమోదించింది. ప్రాంతీయ భాష కాక మరొక మాతృభాష గల పిల్లలు పాఠశాల మొత్తంమీద నలభై మంది గాని, ఒక తరగతిలో పదిమంది గాని ఉన్నట్లయితే, వారి భాషలో బోధించగల ఉపాధ్యాయుణ్ణి కనీసం ఒకరిని నియమించాలని దాని సారాంశం. ఈ సూత్రంలో ‘గాని’ అన్న మాటకే ఎక్కువ విలువ. రెండు షరతులూ కలిసి ఉండనక్కరలేదు. ఏ ఒక్కటి నెరవేరినా చాలు. ఉన్నత పాఠశాల దశకు ఆ తరువాత వచ్చిన సూత్రం ప్రకారం పై నాలుగు తరగతుల్లో కలిపి అరవై మంది, తరగతికి పదిహేను మంది ఉండాలి.

1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో పాటు వచ్చిన ఏడవ రాజ్యాంగ సవరణ 350-ఎ అధికరణను చేర్చింది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని అది చెబుతున్నది. 350-బి కింద భాషాల్పసంఖ్యాక వర్గాల కమిషనర్ పదవి ఏర్పడింది. ఆయన నివేదిక రాష్ట్రపతికి చేరి పార్లమెంటు ముందుకు వస్తుంది గాని, ఒక పల్లెకు ఉపాధ్యాయుణ్ణి పంపమని ఆజ్ఞాపించే అధికారం ఆయనకు లేదు. నలభై–పది సూత్రం కూడా రాష్ట్రాలు ఒప్పుకొన్న ఒడంబడికే తప్ప శాసనసభ చేసిన చట్టం కాదు. అందువల్లనే దాని అమలు రాష్ట్రానికొక తీరుగా, ఒక్కొక్కసారి అధికారికొక తీరుగా సాగింది.

ఈ సూత్రంతో పాటు ఉన్న మరొక రక్షణను తల్లిదండ్రులు తరచుగా వాడుకోరు. విద్యాసంవత్సరం మొదలయ్యే ముందే తమ బిడ్డకు ఏ భాషలో బోధన కావాలో నమోదు చేయించుకొనే పట్టిక ఉండాలన్నది అది. ఒక బడిలో ఏడుగురు, పక్క బడిలో ఐదుగురు నమోదైతే వారిని ఒకచోట చేర్చి సర్దుబాటు చేయాలన్నది కూడా అందులో భాగమే. అడిగినవారు లేరన్న జవాబుకు ఈ పట్టికే ప్రతిజవాబు.

చట్టం లెక్క వేరు

2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఆ చట్టం తరగతిని లెక్కించదు, ప్రాథమిక పాఠశాల మొత్తాన్ని లెక్కిస్తుంది. ఐదవ తరగతి వరకు అరవై మంది పిల్లలకు ఇద్దరు ఉపాధ్యాయులు; 61 నుండి 90 వరకు ముగ్గురు; 91 నుండి 120 వరకు నలుగురు. రెండు వందలు దాటితే ప్రధానోపాధ్యాయుణ్ణి మినహాయించి నలభై మందికి ఒకరికి తగ్గరాదు. ఆరు నుండి ఎనిమిది తరగతులకు ముప్పైయైదు మందికి ఒకరు చొప్పున, తరగతికి కనీసం ఒకరు ఉండాలి. బోధనా మాధ్యమం సాధ్యమైనంత వరకు మాతృభాష కావాలని 29వ సెక్షను అంటుంది. ఆ ‘సాధ్యమైనంత వరకు’ ఎంతవరకో చట్టం చెప్పలేదు.

రెండు మాధ్యమాలున్న ఒక చిన్న బడిని ఉదాహరణకు తీసుకుంటే చిక్కు తేటపడుతుంది. మొత్తం 48 మంది పిల్లలు. 27 మంది తమిళ మాధ్యమం, 21 మంది తెలుగు. చట్టం ప్రకారం ఇద్దరు ఉపాధ్యాయులు ఉంటే లెక్క సరిపోయినట్లే. ఆ ఇద్దరిలో ఒకరు తెలుగు చెప్పేవారనుకొంటే, ఐదు తరగతుల పిల్లలు ఇరవై ఒక్కరూ ఒకే గదిలో ఆయన ముందు కూర్చుంటారు. కాగితం మీద ఒక ఉపాధ్యాయునికి ఇరవై ఒక్కరు అంటే కార్పొరేట్ బడిలో కూడా దొరకని సౌఖ్యం. గదిలో జరిగేది మాత్రం ఒకటో తరగతి పలక దిద్దుతుండగా ఐదవ తరగతి భిన్నాల కోసం ఎదురుచూడటం. పైగా ఇరవై ఒక్కరు నలభైకి చాలరు. తరగతికి నలుగురైదుగురు పదికి చాలరు. ఆ ఉపాధ్యాయుడు బదిలీ అయితే తిరిగి తెలుగువారినే వేయాలని అడగడానికి పాత సూత్రం కూడా అక్కరకు రాదు. కాబట్టి ‘తరగతి చిన్నది, పాఠం బాగా సాగుతుంది’ అన్న మాట ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క ఉపాధ్యాయుడు ఉన్నచోటనే నిజం.

పిల్లల సంఖ్య డబ్బును కూడా నిర్ణయిస్తుంది. సమగ్ర శిక్షా పథకం కింద బడికి ఏటా ఇచ్చే సమ్మిళిత గ్రాంటు 2021 సవరణ ప్రకారం ముప్పై మంది వరకు 10,000 రూపాయలు, వంద మంది వరకు 25,000 రూపాయలు. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, మరుగుదొడ్డి బాగుచేత అన్నీ అందులోనే. ముప్పైకి దిగువన ఉన్న బడికి సున్నం వేయించడం కూడా సమస్యే.

అంగన్‌వాడీ ఎవరిది

మూడు నుండి ఆరేళ్ల పిల్లల చదువు హక్కు కాదు. 2002 నాటి 86వ సవరణ ఆరు నుండి పద్నాలుగేళ్ల వరకే ప్రాథమిక హక్కు ఇచ్చి, ఆరేళ్లలోపు వారి విషయాన్ని 45వ అధికరణలో ఆదేశసూత్రంగా మిగిల్చింది. విద్యాహక్కు చట్టం 11వ సెక్షను కూడా ప్రభుత్వం ఏర్పాటు ‘చేయవచ్చు’ అనే అంటుంది. ఇక 350-ఎ అధికరణ మాట్లాడేది ప్రాథమిక దశ గురించి. అంగన్‌వాడీలో ఏ భాష అన్న దానికి నలభై–పది వంటి సూత్రమేదీ లేదు. 2020 జాతీయ విద్యావిధానం ఇంటి భాషకు పెద్దపీట వేసింది గాని, విధానం వేరు, నిధి వేరు.

అంగన్‌వాడీ పుట్టింది 1975 అక్టోబరు 2న, 33 బ్లాకుల్లో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద. నాలుగు వందల నుండి ఎనిమిది వందల జనాభాకు ఒక కేంద్రం, నూట యాభై నుండి నాలుగు వందల జనాభా గల చిన్న ఊళ్లకు మినీ కేంద్రం అన్నది సాధారణ ప్రమాణం. ఖర్చులో కేంద్రానిది అరవై పాళ్లు, రాష్ట్రానిది నలభై. పౌష్టికాహారం మాత్రం చెరిసగం. 2017లో ఖరారైన లెక్క ప్రకారం బిడ్డకు రోజుకు 8 రూపాయల ఆహారం, తీవ్ర పోషకాహార లోపం ఉన్న బిడ్డకు 12 రూపాయలు. కార్యకర్తకు కేంద్రం నిర్ణయించిన గౌరవ వేతనం 2018 అక్టోబరు నుండి 4,500 రూపాయలు. ఆపైన రాష్ట్రం కలిపేది రాష్ట్రం ఇష్టం. ఈ సొమ్మంతా మహిళా శిశు సంక్షేమ మార్గంలో నడుస్తుంది, విద్యాశాఖ మార్గంలో కాదు. బడి ఆవరణలోనే అంగన్‌వాడీ ఉన్నా దాని చిట్టా వేరు, అధికారి వేరు. పాఠశాల కమిటీలో అంగన్‌వాడీ గురించి గంటసేపు వాదించి, తీర్మానాన్ని విద్యాధికారికి పంపి ఊరుకొంటే, ఆ కాగితం చేరవలసిన బల్లను చేరదు. అది శిశు అభివృద్ధి పథకం అధికారికి వెళ్ళాలి. వీలైతే రెండు కార్యాలయాలకూ ఒకే ప్రతి వెళ్ళాలి.

ఈ రెండు శాఖల మధ్య పిల్లలు ఎట్లా నలుగుతారో తమిళనాడు అనుభవం చూపింది. 2019 జనవరిలో అక్కడి ప్రభుత్వం మాధ్యమిక పాఠశాలల ఆవరణల్లోని 2,381 అంగన్‌వాడీల్లో ఎల్‌కేజీ, యూకేజీ తెరిచింది. వాటికి ప్రాథమిక పాఠశాలల నుండి ఉపాధ్యాయులను పంపగా, తమ స్థాయిని తగ్గించారని వారు ఆక్షేపించారు. 2022 జూన్‌లో ప్రాథమిక తరగతులకు కొరత ఉన్నదని ఆ ఉపాధ్యాయులను వెనక్కి పిలిచి తరగతులను ఆపబోతే, తల్లిదండ్రుల నుండీ ప్రతిపక్షాల నుండీ వ్యతిరేకత వచ్చి, కొనసాగిస్తామని ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. కర్ణాటకలో దీనికి ఎదురు కథ. బళ్ళారి, రాయచూరు జిల్లాలు చేరిన కల్యాణ కర్ణాటకలో 2024–25లో వెయ్యికి పైగా ప్రభుత్వ పాఠశాలల్లో ఎల్‌కేజీ, యూకేజీ తరగతులకు ప్రభుత్వం సంకల్పించగా, తమ కేంద్రాలు ఖాళీ అవుతాయని అంగన్‌వాడీ కార్యకర్తలు 2024 జూన్‌లో బెంగుళూరులో ఆందోళనకు దిగారు. ఆ తరగతులు తమ కేంద్రాల్లోనే నడపాలన్నది వారి కోరిక. రెండుచోట్లా వాదన ఏ శాఖది, ఏ ఉద్యోగిది అన్నదాని చుట్టూనే తిరిగింది. బిడ్డ ఏ భాషలో మాట్లాడతాడన్నది దానిలో ఎక్కడా ముందుకు రాలేదు.

ఒడిశా ఒక దారి చూపింది. అంగన్‌వాడీ పిల్లల కోసం అక్కడ ‘నువా అరుణిమ’ అనే పాఠ్యప్రణాళిక ఉన్నది. దానిని గిరిజన భాషల్లోనూ తయారుచేశారు. ఇంటి భాషలో పూర్వప్రాథమిక విద్య సాధ్యం కాదనే మాట, కనీసం ఆ రాష్ట్రంలో, ఇకమీదట చెల్లదు. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగు తల్లిదండ్రులకు ఇది పట్టుకోదగిన ఆధారం.

పైసా ఖర్చు లేని మార్గం ఒకటి కూడా ఉన్నది. అంగన్‌వాడీ కార్యకర్త స్థానికురాలై ఉండాలన్నది పథకం మొదటినుండీ పాటించే పద్ధతి. ఊరిలో తెలుగు మాట్లాడే, రాష్ట్ర భాష చదవను వ్రాయను వచ్చిన ఆడపడుచు దరఖాస్తు చేస్తే భాష చిక్కు సగం అక్కడే విడిపోతుంది. పోస్టు ఖాళీ అయినప్పుడు ఊరికి ఆ వార్త తెలియకపోవడమే ఎక్కువ నష్టం కలిగిస్తున్నది.

కమిటీ చేతిలో ఉన్నది

కర్ణాటకలో 2001 నుండే శాలాభివృద్ధి, పర్యవేక్షణ సమితులు ఉన్నాయి. విద్యాహక్కు చట్టం 21వ సెక్షనుతో ప్రభుత్వ పాఠశాలలన్నిటికీ నిర్వహణ కమిటీ వచ్చింది: సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తంలో సగం స్త్రీలు. ఉపాధ్యాయుణ్ణి నియమించే అధికారం గాని, కొత్త విభాగాన్ని మంజూరు చేసే అధికారం గాని కమిటీకి లేదు. దానికి ఉన్న అసలు ఆయుధం 22వ సెక్షను కింద తయారుచేసే పాఠశాల అభివృద్ధి ప్రణాళిక. కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం అది మూడేళ్లకు. తరగతివారీగా రాబోయే పిల్లల సంఖ్య, అదనపు ఉపాధ్యాయుల అవసరం, గదులు, డబ్బు అన్నీ అందులో చూపాలి. ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందు, అంటే డిసెంబరులో అది సిద్ధం కావాలి. తల్లిదండ్రులు గుమిగూడేది జూన్‌లో, పుస్తకాలు రాలేదన్నప్పుడు. డిసెంబరు సమావేశానికి కోరం కూడా కష్టం. అంగన్‌వాడీలో ఈ ఏడు ఉన్న నాలుగేళ్ల, ఐదేళ్ల తెలుగు పిల్లల పేర్లను ఆ ప్రణాళికకు జతచేస్తే, రాబోయే ఒకటో తరగతి సంఖ్య అంచనాగా మిగలక లెక్కగా మారుతుంది. తమిళనాడులో ఉపాధ్యాయ పోస్టుల నిర్ణయానికి ఆగస్టు 1 నాటి సంఖ్యను చూస్తారు గనుక, ఆ తేదీ దాటాక చేర్చిన బిడ్డ ఆ ఏటి లెక్కకు రాడు.

తెలుగు సంఘాలు తామే నడిపే బడులకు ఈ మాటలు యథాతథంగా వర్తించవు. 2012 సవరణ భాషాల్పసంఖ్యాక బడుల్లో కమిటీని సలహాకే పరిమితం చేసింది. 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అల్పసంఖ్యాక సంస్థలకు విద్యాహక్కు చట్టమే వర్తించదని తీర్పు చెప్పింది. అదే రోజున మరొక తీర్పులో, కర్ణాటకకు సంబంధించి, మాతృభాషలోనే చదవాలని ప్రభుత్వం నిర్బంధించరాదని, ఎంపిక తల్లిదండ్రులదని తేల్చింది.

తల్లిదండ్రులలో రెండు మాటలు

ఎంపిక తల్లిదండ్రులదే అయినప్పుడు వారందరూ ఒకే మాట మీద లేరన్నది దాచవలసిన విషయం కాదు. బాగేపల్లి, ముళబాగిలు, పావగడ తాలూకాల్లో ఇంట తెలుగు, బడిలో కన్నడం అన్నది పాత అలవాటు; ఉద్యోగం కన్నడంలో ఉన్నప్పుడు తెలుగు బడి ఎందుకని అడిగే తండ్రిది అసంగతమైన ప్రశ్న కాదు. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుండి ఏటేటా పైకి సాగి 2015–16కు పదవ తరగతిని చేరడంతో, తెలుగు మాధ్యమం పిల్లవాడు తమిళ పరీక్షకు ఎట్లా సిద్ధపడాలన్న భయం కూడా తోడయింది. యానాంలో తెలుగు మైనారిటీ భాష కాదు గనుక అక్కడి చర్చ వేరు; 2024–25లో పుదుచ్చేరి ప్రభుత్వ పాఠశాలలు కేంద్ర మాధ్యమిక విద్యామండలి పాఠ్యక్రమానికి మారడంతో అక్కడ ప్రశ్న ఇంగ్లీషు చుట్టూ తిరుగుతున్నది.

నిజం చెప్పాలంటే తెలుగు విభాగాన్ని ఖాళీ చేస్తున్నది తమిళమో కన్నడమో అనడం సగం మాటే. మూడేళ్ల బిడ్డను ఎక్కించుకుపోయే పసుపు వ్యాను మిగతా సగం. ఎల్‌కేజీకి ప్రైవేటు బడిలో చేరిన బిడ్డ ఆరో ఏట ఊరి బడికి తిరిగి రావడం అరుదు. అంగన్‌వాడీలో అన్నం, గుడ్డు ఉన్నాయి గాని అక్షరం లేదని తల్లులు అంటే, ఒక్క కార్యకర్త వంట, బరువులు, టీకాలు, రిజిస్టర్లు చూసుకొంటూ పాఠం ఎప్పుడు చెప్పాలన్నది ఆమె జవాబు. ఇద్దరి మాటా సబబే. కేంద్రానికి రెండవ మనిషిని, చదువు కోసమే, ఇవ్వాలన్న కోరికను ఏ రాష్ట్రంలోనైనా తెలుగు కుటుంబాలు ఒంటరిగా అడగనక్కరలేదు. పక్కింటి తమిళ తల్లికీ, కన్నడ తల్లికీ, ఒడియా తల్లికీ అదే అవసరం. భాష గురించిన అభ్యర్థన, మనిషి గురించిన అభ్యర్థన వేర్వేరు కాగితాల మీద వెళ్ళినప్పుడు రెండవదానికి ఊరంతా సంతకం చేస్తుంది.