లైసెన్సు లేని రేడియో

మన తరంవారికి రేడియో లైసెన్సు పుస్తకం గుర్తుండే ఉంటుంది. పాటలు వినడానికే ఏటా పోస్టాఫీసులో రుసుము కట్టేవాళ్లం. అమెరికాలో మాట్లాడే రేడియోకే లైసెన్సు తీసేసిన వైనం అందుకే నాకు ఆసక్తి కలిగించింది.

అక్కడ 1958లో 27 మెగాహెర్ట్జ్ దగ్గర సామాన్యులకు ‘సిటిజన్స్ బ్యాండ్’ తెరిచారు. లైసెన్సు తప్పనిసరి. 1973లో చమురు కొరత వచ్చింది. మరుసటి ఏడాది గంటకు 55 మైళ్ల వేగపరిమితి పెట్టారు. డీజిల్ ఎక్కడ దొరుకుతుందో, పోలీసులు ఎక్కడ కాపు కాశారో లారీ డ్రైవర్లు మారుపేర్లతో ఈ సెట్లలో చెప్పుకునేవారు. వాళ్లను చూసి కార్లవాళ్లూ కొన్నారు. దరఖాస్తులు లక్షల్లో వచ్చిపడ్డాయి. లైసెన్సు లేకుండా మాట్లాడేవారూ పెరిగారు. 1977లో 23 ఛానళ్లను 40 చేశారు. 1983లో లైసెన్సే ఎత్తేశారు.

అయితే 9వ ఛానల్‌ను ఆపదలో ఉన్నవారికే కేటాయించారు. స్వచ్ఛంద సేవకులు ఇళ్లలో కూర్చుని అది వింటూ, ప్రమాదాల కబురు పోలీసులకు ఫోనులో అందించేవారు.

మన దేశంలోనూ 2005లో ఈ బ్యాండులోని తక్కువ శక్తి సెట్లకు లైసెన్సు మినహాయించారు. ఫైళ్ల మధ్య బతికినవాడిగా ఒక్క మాట మనవి చేస్తాను: అక్కడ లైసెన్సు కాగితం పోయినా, 9వ ఛానల్ నియమం ఇప్పటికీ అమలులో ఉంది. ప్రాణం కాపాడే నియమాన్ని మాత్రం ఉంచారు.