హానా రోడ్డు: యాభైతొమ్మిది వంతెనల చరిత్ర

పసిఫిక్ మహాసముద్రం నడుమనున్న హవాయి దీవులలో మౌయి రెండవ పెద్ద ద్వీపం. దాని ఉత్తర తీరాన ఉన్న కహులుయి పట్టణంనుంచి తూర్పు కొసనున్న హానా గ్రామానికి ఒక రోడ్డు పోతున్నది. దూరం సుమారు 84 కిలోమీటర్లే. కాని మలుపులు 620 దాకా ఉన్నవి, వంతెనలు 59. వాటిలో 46 వంతెనలమీద ఒకసారి ఒక బండి మాత్రమే పోగలదు. ఒక పక్క సముద్రం, మరొక పక్క దట్టమైన వర్షారణ్యం, నడుమ నడుమ జలపాతాలు. ఈ అందం చూడడానికి దేశదేశాల యాత్రికులు వస్తారు. ఇంత చిన్న రోడ్డుకు ఇన్ని వంతెనలు ఎందుకు కావలసివచ్చినవి? ఈ ప్రశ్నకు సమాధానం వెదికితే ఆ సీమ చరిత్ర కూడా తెలుస్తుంది.

తూర్పు మౌయి అంతా హలెయకలా అనే ఒకే ఒక అగ్నిపర్వతం. దాని ఎత్తు 3,055 మీటర్లు. ఈశాన్యంనుంచి వీచే వ్యాపార పవనాలు సముద్రపు తేమను మోసుకొనివచ్చి ఈ కొండకు తగిలి పైకి లేస్తవి. లేచినకొద్దీ చల్లబడి మేఘాలవుతవి. అయితే సుమారు 2,000 మీటర్ల ఎత్తున వెచ్చని గాలిపొర ఒకటి మూతవలె నిలిచి ఉంటుంది. మేఘాలు సాధారణంగా దానిని దాటి పైకి పోలేవు. అందుచేత వాన అంతా కొండ నడుమభాగంలోనే కురుస్తుంది. అక్కడ కొన్నిచోట్ల సాలుకు 10,000 మిల్లీమీటర్లకు పైగా వర్షం పడుతుంది. కొండచాటున పడమటనున్న మైదానంలోనో, చాలా భాగానికి 500 మిల్లీమీటర్లు కూడా లేదు. ఈ వాననీరే వందలాది లోయలను కోసి వాగులై సముద్రంలో కలుస్తున్నది. వాగుకొక వంతెన చొప్పున రోడ్డు సాగవలసివచ్చింది.

ఆ వాగులను మొదట వాడుకొన్నవారు హవాయి ఆదివాసులు. వారి పూర్వులు పడవలలో తమవెంట చేమదుంపను తెచ్చారు. దానిని వారు కలో అంటారు. అదే వారి ముఖ్యాహారం. వాగు పక్కన మెట్లుమెట్లుగా మడులు కట్టి, చిన్న కాలువతో నీరు పెట్టి పండించేవారు. చేమమడిలో నీరు నిలిచి వేడెక్కితే దుంప కుళ్లిపోతుంది. అందుచేత చల్లని నీరు నిరంతరం పారుతూ ఉండాలి. మడులు దాటిన నీరు మళ్లీ వాగులోకే పోయేది. వారి భాషలో నీటికి ‘వాయి’ అని పేరు. సంపదకు ‘వాయివాయి’ అని పేరు. నీరే సంపద అని ఆ భాషే చెప్పుతున్నది.

పందొమ్మిదవ శతాబ్దంలో చెరకు వచ్చింది. 1875లో హవాయి రాజ్యానికీ అమెరికాకూ జరిగిన ఒడంబడిక వల్ల హవాయి చక్కెర సుంకం లేకుండా అమెరికాలో అమ్ముడుపోసాగింది. మైదానంలో ఎండ ఉన్నది, నేల ఉన్నది. నీరు మాత్రం లేదు. 1876లో అలెగ్జాండరు, బాల్డ్విన్ అనే తోటల యజమానులు కలాకౌవా రాజు ప్రభుత్వంనుంచి తూర్పు వాగుల నీటికి అనుమతి పొందారు. రెండేండ్లలో కాలువ పూర్తి చేయాలని షరతు. ఆ యేడే చక్కెర మిల్లులో జరిగిన ప్రమాదంలో బాల్డ్విన్ ఒక చేయి పోగొట్టుకొన్నాడు. మలికో లోయవద్ద పనివాళ్లు తాడు పట్టుకొని దిగడానికి జంకినప్పుడు, ఆయన మిగిలిన చేతితోనే దిగి చూపాడని చెప్పుతారు. సుమారు 27 కిలోమీటర్ల హమకువా కాలువ 1878లో గడువులోగా పూర్తయింది. తరువాత మరికొన్ని కాలువలు, సొరంగాలు వచ్చినవి. తుదకు వీటి మొత్తం పొడవు సుమారు 120 కిలోమీటర్లకు చేరింది. అందులో ఎక్కువ భాగం కొండను తొలిచిన సొరంగాలే.

ఇంజనీర్ల నేర్పు మెచ్చదగినదే. కాని ఒక పొలానికి చేరిన నీరు మరొక పొలానికి తగ్గిన నీరే గదా! వాగుల నీరు పైననే కాలువలలోకి మళ్లడంతో దిగువనున్న చేమమడులు చాలాచోట్ల పాడుపడినవి. వాగులలో బతికే చేపలు, రొయ్యలు సముద్రంనుంచి పైకి ఎక్కే దారి తెగిపోయింది.

రోడ్డు ఈ కాలువల తరువాత వచ్చింది. అంతకుముందు హానాకు పడవలమీదనో, కొండబాటలలోనో పోవలసిందే. ఇరవయ్యవ శతాబ్దం మొదటి దశాబ్దాలలో వంతెనలు ఒక్కొక్కటిగా కట్టారు. పనిచేసినవారిలో ఖైదీలు కూడా ఉన్నారు. 1926లో కంకర రోడ్డు హానాకు చేరింది. 1960 దశకంలో తారు పడింది. 2001లో ఈ రోడ్డును, దాని పాతవంతెనలను చారిత్రక కట్టడాల జాతీయ పట్టికలో చేర్చారు. దారిపొడుగునా కనిపించే వెదురు, జామ, మామిడి, యూకలిప్టసు చెట్లు మనుషులు తెచ్చినవే. ఓహియా, కోవా వంటి స్థానిక వృక్షాల అసలైన అడవి ఇంకా పైన ఉన్నది.

1978లో హవాయి రాజ్యాంగ సవరణ, నీరు ప్రజలందరి తరఫున ప్రభుత్వం కాపాడవలసిన ఆస్తి అని ప్రకటించింది. 2001లో తూర్పు మౌయి చేమరైతులు 27 వాగుల విషయమై రాష్ట్ర జలసంఘానికి అర్జీలు పెట్టుకొన్నారు. విచారణ ఏండ్లతరబడి సాగింది. ఈలోగా 2016 డిసెంబరులో మౌయి మైదానంలో ఆఖరి చెరకు కోత ముగిసింది. 2018లో జలసంఘం తీర్పు చెప్పి, చేమసాగుకు ముఖ్యమైన వాగులను పూర్తిగా వదలాలని ఆదేశించింది. మిగిలిన నీటి పంపకంపై వాదాలు ఆ తరువాత కూడా సాగినవి.

కనుక హానా రోడ్డుమీది వంతెన కేవలం దాటిపోయేందుకు కట్టినది కాదు. దానిమీద ఆగి కిందికి చూచినవారికి, వాగు పారుతున్నదా ఎండి ఉన్నదా అన్నదే కొండమీద నూటయాభై ఏండ్లుగా నడిచిన చరిత్రను చెప్పుతుంది. జలపాతం ప్రకృతి ఇచ్చినది. అది కిందివరకు పారడం మాత్రం మనుషుల న్యాయబుద్ధిని బట్టి ఉంటుంది.